వంగపండు రంగు సిరా
(అల్ ఖోర్‌లో చేసిన స్మారక ఉపన్యాసం)

 

ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు అమ్మగారు, మా కెప్టెన్ గారి భార్య, ఒక్క మాటే చెప్పారు. "ఆయన్ని పొగడొద్దు బాబూ. ఆయన చేసిన పనేమిటో చెప్పు. అన్నేళ్ళు సముద్రం మీద ఏం చేశారో నాకే సరిగ్గా తెలీదు" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఓడవాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే కథ. మనిషి ఏడాదికి మూడు నెలలు ఇంట్లో ఉంటాడు, ఆ మూడు నెలలూ పెళ్ళిళ్ళకీ బ్యాంకు పనులకీ సరిపోతాయి, పని గురించి చెప్పడానికి పొద్దు మిగలదు. కాబట్టి ఈ సాయంత్రం ఆయన పనిలో ఒక్క ముక్కే చెబుతాను. చార్టు గురించి. సముద్రపు పటం. ఆయన చేతికి కాగితంగా వచ్చి, ఆయన రిటైరయ్యేనాటికి గాజు తెర మీదికి ఎక్కిన పటం.

ఆయన పేరు నేను పలకను. ఓడ మీద మేమెవరం పలకలేదు. కెప్టెన్ గారు అనేవాళ్ళం. ఈ రాత్రికీ అంతే.

1994లో నేను ఆయన ఓడలో సెకండ్ మేట్‌గా చేరాను. ఆ ఉద్యోగానికి పగలు పన్నెండు నుంచి నాలుగు, రాత్రి పన్నెండు నుంచి నాలుగు వాచ్. వాచ్ దిగాక అసలు పని మొదలయ్యేది, చార్టుల కరెక్షన్. ఓడ మీద వందల చార్టులు ఉండేవి, ఒక్కొక్కటీ మంచం మీద పరిచే దుప్పటంత. సముద్రం మారుతూ ఉంటుంది. ఒకచోట దీపం ఆరిపోతుంది, ఒకచోట బోయ జరుగుతుంది, ఒకచోట ఓడ మునిగి కొత్త అడ్డు వస్తుంది. ఆ మార్పులన్నీ వారానికొక పుస్తకంగా అచ్చయ్యేవి. ఓడ రేవు చేరగానే ఏజెంటు ఆ పుస్తకాలు కట్టగా తెచ్చిచ్చేవాడు. రెండు నెలల ప్రయాణం తరవాత అయితే ఎనిమిది పుస్తకాలు ఒక్కసారే వచ్చిపడేవి.

ఒక్కో నోటీసు చదవాలి, అది ఏ చార్టుకి చెందుతుందో వెతకాలి, ఆ చార్టు సొరుగులోంచి లాగాలి, అక్షాంశం రేఖాంశం డివైడర్లతో కొలిచి సన్నటి పాళీతో ఆ మార్పు గీయాలి. తాత్కాలికమైన వాటికి పెన్సిలు. శాశ్వతమైన వాటికి ఊదారంగు సిరా. అచ్చులో ఉన్నదేది, తరవాత చేత్తో చేర్చిందేది అన్నది చూడగానే తెలియాలని ఆ రంగు. కెప్టెన్ గారు దాన్ని వంగపండు రంగు అనేవారు. గీసిన తరవాత చార్టు కింద ఎడమ మూలన ఆ ఏడాది, నోటీసు నంబరు వెయ్యాలి. ఆ మూల చూస్తే ఆ కాగితం ఎంతవరకు నిజమో తెలిసిపోతుంది.

ఇక్కడొక విషయం ఒప్పుకోవాలి. ఒక రాత్రి నిద్ర ఆపుకోలేక, ఒక చార్టు మూలన నంబరు వేసి, మార్పు మాత్రం గీయలేదు. పొద్దున్న చేద్దామనుకున్నాను. మరిచిపోయాను. ఒక బోయ స్థానం మారిందన్న నోటీసు అది. పది రోజుల తరవాత కెప్టెన్ గారు ఆ చార్టు బల్ల మీద పరిచి, వారపు పుస్తకం పక్కన పెట్టి, నన్ను పిలిచారు. కేకలెయ్యలేదు. "మార్పు గీయలేదని తెలిస్తే జాగ్రత్తగా ఉండేవాణ్ణి. నువ్వు సరిచేశావని నంబరు చెప్పింది, నేను నమ్మాను" అన్నారు. తరవాత ఆ ఏడాది నోటీసులన్నీ మొదటినుంచీ మళ్ళీ సరిచూడమన్నారు. పదకొండు రోజులు పట్టింది. రాత్రిళ్ళు తనే టీ తెచ్చి బల్ల చివర పెట్టి వెళ్ళేవారు. తప్పు పటం కన్నా, తప్పు లేనట్టు కనబడే పటం ఎక్కువ ప్రమాదమని అక్కడ నేర్చుకున్నాను. ఈ రోజు నేను చెప్పబోయేదంతా అందులోంచి వచ్చినదే.

ఆ వంగపండు రంగుకి మీ ఊరితో చుట్టరికం ఉంది. ఖోర్ అంటే మన ఉప్పుటేరు లాంటిది, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఆ పాయలో మడచెట్ల నడుమ చిన్న దీవి ఉంది కదా, సెలవు రోజున మీరు పిల్లల్ని తీసుకెళ్ళి చెక్కవంతెన మీద నడిపిస్తారే, అదే. బిన్ ఘన్నామ్ దీవి, అందరి నోటా పర్పుల్ ఐలాండ్. మూడువేల ఏళ్ళకు పైబడిన కాలం కిందట, బాబిలోనియాను కస్సైట్ రాజులు ఏలే రోజుల్లో, అక్కడ సముద్రపు నత్తల్ని పగలగొట్టి ఊదారంగు తీసేవారు. ఆ చిప్పల గుట్టలు ఫ్రెంచి పురావస్తు బృందానికి దొరికాయి. మన కోరింగ మడ అడవులు చూసినవారికి ఆ దీవి కొత్తగా అనిపించదు.

ఈ తీరాన్ని చార్టుగా గీసింది 1820ల్లో. బొంబాయి మెరైన్ అధికారులు గై, బ్రక్స్ అనే ఇద్దరు ఈ సింధుశాఖ అరబ్బు తీరమంతా కొలుచుకుంటూ వచ్చారు. అప్పటి పాత రాతల్లో ఈ ఊరు ఖోర్ షకీక్. ముత్యాల ఊరు. ఇక్కడి నఖుదాలకు, అంటే పడవ నడిపే నాయకులకు, ఆ పటం అక్కర్లేదు. నీటి రంగు, నక్షత్రం, తాడుకు కట్టిన గుండు పట్టుకొచ్చే అడుగుమట్టి చూసి ఎక్కడున్నారో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళు. పటం కావలసింది పరాయివాడికి. ఒక కాగితం మీద ఒక తీరపు జ్ఞానం మరొకడి చేతికి అందడమే చార్టు.

మన తీరం వైపు చూస్తే, 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాగేసుకునేవారు, నేను సుంకం తప్ప మరొకటి ముట్టను అని సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట అది. ఓడలు దారి తప్పి మన ఒడ్డున పడటం ఎంత మామూలో ఆ శాసనమే చెబుతోంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఓడలు ఈ సింధుశాఖ ముఖద్వారాన ఉన్న బందర్ అబ్బాస్ దాకా వచ్చేవి. మనకు గల్ఫ్ చమురుతో మొదలైందనుకుంటాం, కాదు.

పటాలు గీసినవాళ్ళకీ మన తీరంతో సంబంధం ఉంది. బ్రిటిష్ నౌకాదళానికి 1795లో మొట్టమొదటి హైడ్రోగ్రాఫర్‌గా నియమితుడైన అలెగ్జాండర్ డాల్రింపుల్ బతుకు మొదలుపెట్టింది మద్రాసులో, ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా, పదిహేనేళ్ళ కుర్రాడిగా. కోరింగ, మచిలీపట్నం తీరాలు కొలిచిన మైకేల్ టాపింగ్ 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టి, 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. వాళ్ళు కొలిచింది కంపెనీ లాభానికే, సందేహం లేదు. కానీ టాపింగ్ కొలిచిన కోరింగ తీరం ఇప్పుడు వెతికితే దొరకదు. గోదావరి ఒండ్రు రేవును పూడ్చేసింది, కాకినాడ ముందు ఇసుక తిన్నె పెరిగి హోప్ ఐలాండ్ అయింది. నదులు కలిసే చోట పటం ముసలిదవడానికి ఒక తరం చాలు. అందుకే కొలత ఎప్పటికీ అయిపోదు. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో సంధాయక్ అనే కొత్త సర్వే ఓడ నౌకాదళంలో చేరింది. అదే పేరుతో అంతకుముందున్న ఓడ నలభై ఏళ్ళు సముద్రం కొలిచి 2021లో సెలవు తీసుకుంది.

కాగితపు చార్టు మీద మీకు చిన్న చిన్న అంకెలు కనిపిస్తాయి. అవి లోతులు. పాత సర్వేల్లో ఒక్కో అంకె ఒక మనిషి పడవలో నిలబడి, సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి దించి, అడుగు తగిలాక లెక్కపెట్టినది. అక్కడ, ఆ ఒక్క చోట, అంత లోతుంది. పక్కన ఇంకో అంకె. ఆ రెండింటి నడుమ తెల్లటి కాగితం. ఆ తెలుపులో రాయి ఉండవచ్చు, ఉండకపోవచ్చు, ఎవరూ కొలవలేదు. చార్టు మీద ఒక మూల చిన్న బొమ్మ కూడా ఉండేది. ఏ భాగం ఏ ఏట సర్వే చేశారో, ఎంత దగ్గరగా గీతలు గీసి కొలిచారో చెప్పే బొమ్మ. కెప్టెన్ గారు కొత్త చార్టు చేతికి రాగానే ముందు ఆ బొమ్మ చూసేవారు. "ఇది మా తాత పుట్టకముందు కొలిచిన నీళ్ళు, ఇక్కడ ఇంకో మైలు దూరంగా పోదాం" అనేవారు. కాగితం తన అనుమానాన్ని దాచుకునేది కాదు.

ఇక తెర. ఓడవాళ్ళం దాన్ని ఎక్డిస్ అంటాం. ఎలక్ట్రానిక్ చార్టు చూపించి, దాని మీద ఉపగ్రహం చెప్పిన ఓడ స్థానాన్ని క్షణక్షణం గుర్తుపెట్టే యంత్రం. దాని ప్రమాణాలను అంతర్జాతీయ సముద్ర సంస్థ 1995లో ఆమోదించింది. తప్పనిసరి చేసిన సవరణ 2009 జూన్‌లో వచ్చింది. 2012 జులై నుంచి కొత్త ట్యాంకర్లు, ప్రయాణికుల ఓడలు, తరవాత పెద్ద సరుకు ఓడలు, 2015 జులై తరవాతి మొదటి సర్వేకల్లా పాత ట్యాంకర్లు, ఇలా ఒక్కో తరగతిగా 2018 దాకా సాగింది. గ్యాసు ఓడలు ట్యాంకర్ల లెక్కలోకే వస్తాయి. ఇక్కడి రాస్ లఫాన్ రేవు నుంచి మొదటి ద్రవగ్యాసు ఓడ జపాన్‌కు బయలుదేరింది 1996 డిసెంబరులో. మీ ఊరి పేరు పెట్టుకున్న అల్ ఖోర్ అనే గ్యాసు ఓడ కూడా ఆ ఏడే జపాన్‌లో తయారైంది. ఆ ఓడలన్నీ కాగితం మీద పుట్టి తెర మీదికి మారినవే.

ఇప్పుడు వెనక్కి వెళ్ళే దారి లేదు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు యంత్రాలుంటే ఓడ ఒక్క కాగితం లేకుండా తిరగవచ్చు. అమెరికా తన కాగితపు చార్టులన్నీ ఉపసంహరించేసుకుంది. ప్రపంచమంతటికీ చార్టులు అమ్మే బ్రిటిష్ కార్యాలయం 2026 కల్లా ఆపేస్తామని 2022లో ప్రకటించి, తరవాత గడువును 2030 దాకా జరిపింది. ఎక్డిస్‌లోనూ తరం మారుతోంది. 2029 జనవరి నుంచి కొత్తగా బిగించేవి కొత్త ప్రమాణపు చార్టులు చదవాలి.

నేను తెరకు వ్యతిరేకిని కాను. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా వయసువాళ్ళు ఈ విషయం ఎత్తితే కాగితాన్ని తలచుకుని నిట్టూర్చడమే అనుకుంటారు. కాగితం మీద నేను పెట్టిన చుక్క ఓడ ఎక్కడుందో ఎప్పుడూ చెప్పలేదు, కొన్ని నిమిషాల కిందట ఎక్కడుండేదో చెప్పింది. షమాల్ గాలికి ఇసుక లేచి ముక్కు ముందున్నది కనబడని రాత్రి, చుట్టూ చేపల పడవలు, చార్టు బల్ల దగ్గరికి వెళ్ళి వంగి లెక్కలు కడుతున్న అయిదు నిమిషాలూ కిటికీ దగ్గర కళ్ళు లేనట్టే. ఆ అయిదు నిమిషాలు తెర మనకి తిరిగిచ్చింది. కరెక్షన్లు ఇప్పుడు నిమిషాల్లో ఎక్కిపోతాయి. సెకండ్ మేట్ నిద్రపోతున్నాడు. నా ఆ రాత్రి తప్పు ఈ రోజు ఎవరూ చెయ్యలేరు. పాత కాగితాల్లో దేశానికొక కొలమానం ఉండేది, ఉపగ్రహం చెప్పిన స్థానాన్ని కొన్ని వందల మీటర్లు జరిపి గుర్తు వెయ్యమని చార్టు మీద హెచ్చరిక ఉండేది. మరిచిపోయిన ఓడలున్నాయి. ఆ గొడవా చాలావరకు పోయింది.

కాగితమేమీ దేవుడు కాదు. 2011 మేలో సీఎంఏ సీజీఎం లిబ్రా అనే కంటైనర్ ఓడ చైనాలోని షియామెన్ రేవు నుంచి బయటికొస్తూ నేలకు తగిలింది. కాలువ బయట లోతులు చార్టులో చూపినంత లేవని నోటీసు వచ్చి ఉంది, కానీ ఓడ చార్టు మీదా ప్రయాణ ప్రణాళికలోనూ ఆ హెచ్చరిక రాయలేదు. ఆ ఓడ సముద్ర ప్రయాణానికి తగిన స్థితిలో లేనట్టేనని 2021 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. రాయకుండా వదిలేసిన ఒక్క హెచ్చరిక అంత దాకా వెళ్ళింది. ఆ తీర్పు చదివిన రాత్రి నాకు ఆ పదకొండు రోజులు గుర్తొచ్చాయి.

తెర మీద జరిగే తప్పు వేరే రకం. 2013 సెప్టెంబరులో ఓవిట్ అనే రసాయన ట్యాంకర్, శాకనూనె వేసుకుని, ఇంగ్లండు ఫ్రాన్సుల మధ్య డోవర్ జలసంధిలో వార్న్ అనే ఇసుక తిన్నె ఎక్కింది. ఎంతో రద్దీగా ఉండే, ఎంతో బాగా కొలిచిన నీళ్ళవి. అనుభవం లేని జూనియర్ అధికారి తెర మీద గీసిన దారి సరిగ్గా ఆ తిన్నె మీదుగా పోయింది. ఎవరూ సరిచూడలేదు. యంత్రంలో భద్రతా కొలతలు సరిగ్గా పెట్టలేదు, అలారం మోగే ఏర్పాటు పనిచెయ్యడం లేదు. ఓడ ఆగిపోయిందని బ్రిడ్జి మీదున్న అధికారికి అర్థం కావడానికి 19 నిమిషాలు పట్టిందని బ్రిటిష్ ప్రమాద విచారణ సంస్థ రాసింది. దాదాపు మూడు గంటల తరవాత ఆటుపోటు నీళ్ళు పెరిగాక తేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. నాకు ఆ 19 నిమిషాలు మాత్రం మింగుడుపడవు.

భద్రతా కొలత అంటే ఏమిటో మీకు తెలిసిన ఓడతో చెబుతాను. రాస్ లఫాన్‌లో మీరు చూసే అతి పెద్ద గ్యాసు ఓడలు, 2008లో వచ్చిన మొజాతో మొదలైనవి, 345 మీటర్ల పొడవు, నీటిలో దాదాపు 12 మీటర్లు మునుగుతాయి. ఓడ కదులుతుంటే ఇంకాస్త దిగుతుంది, కొంత జాగ్రత్త కలుపుకుంటే 15 మీటర్ల కన్నా తక్కువ నీళ్ళలోకి పోకూడదని అనుకుందాం. యంత్రానికి 15 అని చెబుతాం. కానీ చార్టులో గీతలు 10, 20, 30 మీటర్ల దగ్గరే ఉంటే? యంత్రం 20 గీతను పట్టుకుంటుంది. దానికి లోపలిదంతా నీలం, ప్రమాదం. ఈ సింధుశాఖ సగటు లోతే 35 మీటర్లు, ఖతార్ వైపు ఇంకా తక్కువ. ఓడ పోవలసిన దారే నీలంగా మారుతుంది. అలారం మోగుతుంది. నొక్కి ఆపుతాం. మళ్ళీ మోగుతుంది. నాలుగు గంటల వాచ్‌లో అన్నిసార్లు నొక్కిన వేలికి, నిజంగా నొక్కకూడని రోజు ఎలా తెలుస్తుంది? ఇంకా ఘోరం, విసిగిపోయి కొలతను 10కి తగ్గిస్తే నీలం తగ్గి తెర శుభ్రంగా కనిపిస్తుంది. 12 మీటర్ల నీళ్ళు కూడా శుభ్రంగానే కనిపిస్తాయి. కాగితం రోజుల్లో ఇదే పనికి కెప్టెన్ గారు అంకెల మధ్య పెన్సిలుతో తన గీత తనే గీసుకుని, లోపలి భాగం అడ్డగీతలతో నింపేసేవారు. ఆ గీత గీసేటప్పుడు ప్రతి అంకె మీదుగా ఆయన కన్ను పోయేది.

ఇక ఆ తెల్లటి కాగితం మాటకొస్తాను. తెర మీద తెలుపు అనుమానానికి గుర్తు కాదు. అంకెల మధ్య జాగాను యంత్రం లోతును బట్టి రంగుతో నింపేస్తుంది. నిన్న సోనార్‌తో అంగుళం అంగుళం కొలిచిన చోటు, నూట యాభై ఏళ్ళ కిందట గుండు దించి కొలిచిన చోటు ఒకే గీతతో, ఒకే నీలంతో మెరుస్తాయి. ఎంత పెంచి చూస్తే అంత పదునుగా కనిపిస్తుంది. మరీ పెంచితే నిలువు గీతలు చూపి హెచ్చరిస్తుంది, నిజమే. కొలత ఎంత నమ్మదగిందో చెప్పే నక్షత్రాల గుర్తులూ అందులో ఉన్నాయి. కానీ అవి తెరంతా చిందరవందర చేస్తాయని చాలామంది ఆపేస్తారు. ఆపెయ్యడానికి ఒక మీట చాలు. 2013 జనవరిలో గార్డియన్ అనే అమెరికన్ యుద్ధనౌక ఫిలిప్పీన్స్ దగ్గర తుబ్బతాహా పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. ఆ ఓడ వాడిన డిజిటల్ చార్టులో ఆ దిబ్బ ఉండవలసిన చోటికి దాదాపు ఎనిమిది నాటికల్ మైళ్ళు పక్కకు జరిగి ఉంది. ఓడను ముక్కలుగా కోసి తీయాల్సి వచ్చింది. పటం తప్పే. కానీ ఆ తప్పు పటం ఎంత స్వచ్ఛంగా కనిపించి ఉంటుందో ఆలోచించండి. నేను మూలన వేసిన ఆ నంబరు లాంటిదే అది.

తెర మీద మన స్థానాన్ని చూపే చుక్క కూడా అంతే. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య ఘర్షణ జరిగిన రోజుల్లో హోర్ముజ్ చుట్టుపక్కల వందల ఓడల ఉపగ్రహ సంకేతాలు చెదిరిపోయాయి. నీళ్ళలో ఉన్న ఓడలు పటంలో నేల మీద కనిపించాయి. నేల మీద కనిపిస్తే పరవాలేదు, అబద్ధమని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. నాలుగు వందల మీటర్లు పక్కన, నీళ్ళలోనే, నమ్మశక్యంగా కనిపించే చుక్క నాకు భయం. దాన్ని పట్టుకోవడానికి ఇప్పటికీ ఉన్నవి పాత దారులే. రాడార్‌లో ఒడ్డు ఎంత దూరమో చూడాలి. దీపస్తంభాన్ని దిక్సూచితో పట్టి బేరింగ్ తీయాలి. లోతు కొలిచే యంత్రం చెప్పే అంకె చార్టు అంకెతో పొసగుతోందా చూడాలి. ఈ బేరింగ్ గీతల్ని ఎక్డిస్ తెర మీదే గీసుకునే వీలుంది. చాలా ఓడల్లో ఆ పేజీ ఎవరూ తెరవరు.

కెప్టెన్ గారు ఆఖరి నాలుగేళ్ళు పూర్తిగా తెర ఉన్న ఓడలే నడిపారు. యాభై దాటాక, తనకన్నా ముప్పై ఏళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని నలభై గంటల ఎక్డిస్ కోర్సు చేశారు, నోట్సు రాసుకుంటూ. కొత్త పనిముట్టు మీద ఆయనకు పంతం లేదు. ఆయన ఓడలో మాత్రం ఒక పద్ధతి పెట్టారు. దారి గీసిన కుర్రాడు, దాన్ని తెర మీద అసలు స్కేలులో, మొదటి మైలు నుంచి ఆఖరి మైలు దాకా వేలితో తడుముతూ ఆయనకు బిగ్గరగా చదివి వినిపించాలి. ఎడమవైపు ఏముంది, కుడివైపు ఏముంది, ఈ నీళ్ళు ఎప్పుడు కొలిచారు. కొన్ని ప్రయాణాలకు రెండు గంటలు పట్టేది. ఆ నక్షత్రాల గుర్తులు ఆపనిచ్చేవారు కాదు. వాచ్‌లో గంటకొకసారి, ఒడ్డు కనబడుతుంటే, కంటితో తీసిన ఒక బేరింగ్. కుర్రాళ్ళు విసుక్కున్నారని విన్నాను. వాళ్ళలో ఇద్దరు ఈ రోజు కెప్టెన్లు, ఒకరు ఈ సభకు దోహా నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. తన ఓడలో ఇప్పుడు అదే పద్ధతి నడుపుతున్నానని ఇందాకే చెప్పారు.

అమ్మగారూ, ఆయన ఏం చేసేవారని మీరు అడిగారు. ఇదే చేసేవారు. ఎదుట ఉన్నది ఎంతవరకు నిజమో, ఎవరు కొలిచారో, ఎప్పుడు కొలిచారో అడుగుతూ ఉండేవారు. ఆయన ఇంట్లో ఉన్న మూడు నెలల్లో కరెంటు బిల్లు రెండుసార్లు ఎందుకు కూడేవారో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

సభలో పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. మర్చంట్ నేవీలో చేరదామనుకుంటున్నామని ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. రేపు శుక్రవారం, మీకు సెలవు. ఎండెక్కక ముందే, అయిదున్నరకు, కార్నిష్ మీద పడవలు కట్టే రేవు దగ్గర ఉంటాను. కెప్టెన్ గారి పెట్టెలోంచి అమ్మగారు ఈ సింధుశాఖ పాత చార్టు ఒకటి ఇచ్చారు, ఇప్పటి ప్రయాణాలకు చెల్లదు, నేర్చుకోవడానికి చెల్లుతుంది. నా దగ్గర చేతి దిక్సూచి ఉంది. మసీదు మినారును ఒకవైపు, రేవు కొసను ఇంకోవైపు పట్టి, రెండు గీతలు గీసి, మనం ఎక్కడ నిలబడ్డామో కనుక్కుందాం. ఆ తరవాత మీ ఫోను తీసి, అదేమంటుందో చూద్దాం. డివైడర్లు, రూలర్ నేను తెస్తాను. 2బి పెన్సిలు, మెత్తటి రబ్బరు మీరు తెచ్చుకోండి.